షికాగో చలిలో నూరేళ్ల ఇటుక గోడ: సున్నంతో మరమ్మతు చేయించిన మా అనుభవం

షికాగో నగరంలో మేముంటున్న ఇల్లు 1910ల నాటిది. 25 అడుగుల వెడల్పూ 125 అడుగుల పొడవూ ఉన్న స్థలంలో కింద ఒక వాటా, పైన ఒక వాటాగా కట్టిన రెండంతస్తుల ఇటుక ఇల్లు అది. ఇక్కడ దీన్ని టూ-ఫ్లాట్ అంటారు. ఈ నగరంలో వీధులకు వీధులే ఇలాంటి ఇళ్లతో నిండి ఉంటాయి. కింది వాటాలో మేముంటూ పై వాటా అద్దెకిచ్చాం. వీధివైపు గోడకు నున్నగా, గట్టిగా కాలిన మేలురకం ఇటుక పెట్టి, ఎవరి కంటా పెద్దగా పడని పక్కగోడలకూ వెనకగోడకూ ఈ ప్రాంతపు మట్టితో కాల్చిన మామూలు ఇటుక వాడారు. షికాగో కామన్ అని పిలిచే ఈ ఇటుక మెత్తనిది, నీటిని తొందరగా పీలుస్తుంది, రంగులో ఒక ఇటుకకూ మరో ఇటుకకూ పొంతన ఉండదు. ఇటుక పొరలను ఒకదానికొకటి ఆనించి కట్టి, కొన్ని వరసలకొకసారి ఇటుకలను అడ్డంగా పేర్చి ఆ పొరలను ముడివేశారు. నడుమ గాలి ఆడే ఖాళీ లేదు. ఇంటి బరువు మోసేది ఈ గోడే కాబట్టి, దీనికి జబ్బు చేస్తే పైపూతలతో నయమయ్యేది కాదు.

జబ్బు ముందుగా పై వాటాలో బయటపడింది. ఉత్తరపు గదిలో పైకప్పుకు దగ్గరగా గోడ పూత ఉబ్బి, తడిమితే పొడిపొడిగా రాలుతోందని అద్దెకున్నవారు చెప్పారు. బయటికి వెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. మా ఇంటికీ పొరుగింటికీ మధ్య మనిషి పట్టేంత సందు ఒకటుంది. గ్యాంగ్‌వే అనే ఆ సందులో ఎండ పడదు, గాలి ఆడదు, అందుకే తడిసిన గోడ అక్కడ చాలాకాలం నెమ్ముతోనే ఉంటుంది. ఆ సందులో మా గోడ పొడవునా ఇటుకల ముఖాలు పెచ్చులుగా ఊడి, కింద ఎర్రటి పొడి పేరుకొని ఉంది. కొన్నిచోట్ల తెల్లని ఉప్పు పూసింది. భుజమెత్తున ఉన్న ఒక ఇటుకను నేను చాలాసేపు పరిశీలించాను. దాని ముఖం దాదాపు అంగుళం లోతు అరిగిపోయి, లోపలి మెత్తని నారింజరంగు మట్టి బయటపడింది. దాని చుట్టూ ఉన్న సిమెంటు దర్జు, అంటే ఇటుకల మధ్య అతుకు, మాత్రం చెక్కుచెదరకుండా, పటం ఊడిపోయిన చట్రంలా నిలబడి ఉంది. వేలితో ఒత్తితే ఇటుక రాలింది, సిమెంటు కదలలేదు. ఇటుక నాసిరకమని చాలామంది అనుకునేది ఇలాంటి గోడను చూసే. నిజానికి ఆ ఇటుకను పాడుచేసింది ఆ గట్టి సిమెంటే.

ఎలాగో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ తరవాత మేము తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఇదే ఆధారం. పాత ఇటుక గోడలోకి నీరు ఏదో ఒక దారిన చేరుతూనే ఉంటుంది. వాననీరు పైనుంచి, కరిగిన మంచు పక్కనుంచి, ఇంట్లోని ఆవిరి లోపలినుంచి వస్తాయి. అలా చేరిన నీరు మళ్లీ బయటికి ఆరిపోయినంతకాలం గోడకు హాని లేదు. సున్నంతో కట్టిన గోడలో ఆ ఆరడం చాలావరకు దర్జుల గుండా జరుగుతుంది. సున్నపు మాలు, అంటే ఇటుకలను అతికించే సున్నమూ ఇసుకా కలిపిన ముద్ద, ఇటుక కంటే మెత్తగా, గాలి చొరబడేలా ఉంటుంది కాబట్టి చెమ్మా, దానితోపాటు కరిగి వచ్చే ఉప్పులూ ఆ దారిన వెళ్లిపోతాయి. పాడైతే ముందుగా ఆ మాలే పాడవుతుంది. నూరేళ్లకొకసారి దాన్ని తీసి కొత్తది కూరితే సరిపోతుంది. ఆ దర్జును దట్టమైన సిమెంటుతో మూసేస్తే చెమ్మకు ఇటుక గుండా పోవడం తప్ప మరో దారి ఉండదు. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇటుక రంధ్రాలు నీటితో నిండి ఉన్న సమయంలో గడ్డకడితే ఆ ఒత్తిడికి ఇటుక ముఖం పగిలి ఊడుతుంది. కాలినప్పుడు ఏర్పడిన గట్టి పైపొర ఒకసారి పోయిందంటే, లోపలి మెత్తని భాగం మరింత నీరు తాగుతుంది, మరింత త్వరగా రాలుతుంది. వేసవి ఎండకు ఇటుక వ్యాకోచించేటప్పుడు కూడా మెత్తని సున్నం కొంచెం సర్దుకుంటుంది, గట్టి సిమెంటు సర్దుకోదు. ఆ ఒత్తిడి ఇటుక అంచుల మీద పడి అవి చిట్లుతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోడకు చెరుపు చేసేది గడ్డకట్టించే చలి ఒక్కటే కాదు, గడ్డకట్టడమూ కరగడమూ మాటిమాటికీ జరగడం. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 23 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 31 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అలాంటి రోజుల్లో గోడ గడ్డకట్టిన స్థితిలోనే ఉండిపోతుంది. అంతకంటే మార్చి నెల ప్రమాదకరమని నేను గమనించాను. పగలు మంచు కరిగి గోడలోకి దిగుతుంది, రాత్రి అదే నీరు గడ్డకడుతుంది, మర్నాడు మళ్లీ కరుగుతుంది. పెచ్చులు ఎక్కువగా రాలి కనిపించేది అప్పుడే.

మా గోడ మొదట సున్నంతో కట్టిందే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ 1824లో పేటెంట్ పొందినా, అమెరికాలో దాని తయారీ 1870లలో గాని మొదలు కాలేదు; ఇళ్ల గోడల మాలులో అది సున్నాన్ని పూర్తిగా పక్కకు నెట్టడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అందువల్ల 1930కి ముందటి ఇల్లు ఏది చూసినా, దర్జులో సున్నమే ఉందేమో అని మొదట అనుమానించడం మంచిది. మా ఇంటి పాత యజమానుల్లో ఎవరో ఎప్పుడో ఆ సున్నపు దర్జుల మీద సిమెంటు పూయించారు. అప్పట్లో అది గట్టి పని అనే అందరూ నమ్మి ఉంటారు.

మా నాన్నగారు ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విరమించినవారు. వీడియోలో గోడ చూపించగానే ఆయన అన్న మొదటి మాట: "సిమెంటు సంగతి తరవాత చూద్దువుగాని, ముందు లోపల ఏముందో గీకి చూపించమ్మా." పైపూత ఊడిన చోట గీకితే లేతరంగులో, మధ్యమధ్య తెల్లని సున్నపు గుల్లలతో పాత మాలు కనబడింది. సున్నంతో కట్టిన పాత లాకులూ తూములూ ఆయనకు తెలుసు; గానుగలో ఎద్దులతో నూరించిన సున్నంతో పని చేసిన మేస్త్రీలతో ఆయన మాట్లాడి ఉన్నారు. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల సంగతి గుర్తుచేసింది కూడా ఆయనే. అక్కడ 20వ శతాబ్దంలో గుమ్మటాల మీద వేసిన సిమెంటు పూతలను, 2013లో మొదలైన పునరుద్ధరణ పనుల్లో ఆగాఖాన్ సంస్థవారు తొలగించి మళ్లీ సున్నపు పూత వేయించారు. మంచు పడని హైదరాబాదులోనే సున్నపు కట్టడానికి సిమెంటు పడకపోతే, ఏటా గడ్డకట్టే ఊళ్లో ఇంకెంత చేటో ఆలోచించమన్నారు. ఆ మాటతో నాకు దారి స్పష్టమైంది. గోడను మళ్లీ గట్టిపరచాలన్న ఆలోచన మాని, దాన్ని మళ్లీ ఆరనివ్వాలన్న ఆలోచనతో పని మొదలుపెట్టాం.

పనివారిని వెతకడమే అన్నిటికంటే కష్టమైంది. ఇక్కడ దర్జుల పనిని టక్‌పాయింటింగ్ అంటారు. ఆ బోర్డు పెట్టుకున్న వ్యాన్లు వేసవిలో ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. వచ్చి చూసినవారిలో ఎక్కువమంది నేలమీద నిలబడే గోడను ఒకసారి కింది నుంచి పైకి చూసి, ధర చెప్పి వెళ్లారు. ఒకరు గోడ మొత్తం గ్రైండరుతో కోసి, బస్తాలో కలిపివచ్చే ఎస్ రకం మాలుతో నింపి, పైన నీరు చొరని పూత వేస్తామన్నారు. ఏ మాలు వాడతారు, ఎందుకు అని నేను అడిగిన ప్రశ్నకు "అందరికీ ఇదే వాడతాం" అన్నదే సమాధానం. అమెరికాలో మాలు రకాలను బలాన్ని బట్టి ఎం, ఎస్, ఎన్, ఓ, కె అనే అక్షరాలతో గుర్తిస్తారు. చదరపు అంగుళానికి ఎం రకం 2,500 పౌండ్లు, ఎస్ 1,800, ఎన్ 750, ఓ 350 పౌండ్ల ఒత్తిడిని తట్టుకోవాలి. కె రకం వీటన్నిటి కంటే ఎంతో మెత్తనిది. ఎస్ రకం కొత్త కట్టడాలకు, నేలకింది గోడలకు మంచిదే. నూరేళ్ల షికాగో కామన్ ఇటుక మధ్య దాన్ని కూరడమంటే ఉన్న జబ్బుకు మరో మోతాదు విషం కలపడమే. ఇంకో చిక్కు కూడా ఉంది: అంగడిలో దొరికే సున్నం బస్తాల మీద కూడా ఎస్ అనే అక్షరం ఉంటుంది. అది సున్నపు శ్రేణి, మాలు బలానికి దానితో సంబంధం లేదు. కొనేటప్పుడు ఈ రెంటినీ కలపకూడదు.

చివరికి మాకు దొరికింది పోలండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్ద మేస్త్రీ. ఆయన వచ్చీ రాగానే కొలతలు తీయలేదు. జేబులోంచి తాళంచెవి తీసి అక్కడక్కడ దర్జులు గీకారు, చిన్న సుత్తితో ఇటుకలను ఒక్కొక్కటిగా తట్టి వాటి మోత విన్నారు, తరవాత నిచ్చెన అడిగి మిద్దె మీదికి ఎక్కారు. దిగి వచ్చాక ఆయన చెప్పిందేమిటంటే, మొదటి పని గోడది కాదు, పిట్టగోడది.

ఆయన మాట పూర్తిగా నిజమైంది. మా ఇంటికి చదునైన మిద్దె, దాని పక్కల పిట్టగోడలు, ఆ పిట్టగోడల తలమీద కాల్చిన మట్టి బిళ్లలు ఉన్నాయి. బిళ్లల మధ్య అతుకులు విడిపోయాయి. వాటి కింద నీటిని అడ్డుకునే రేకు ఏదీ లేదు. పైగా పిట్టగోడ లోపలివైపు ఎవరో తారు దట్టంగా పూశారు. పిట్టగోడకు రెండు వైపులా చలే కాబట్టి ఇంటి వెచ్చదనం దానికి అందదు. ఒక పక్క తారూ, మరో పక్క సిమెంటూ మూసేయడంతో పైనుంచి దిగిన నీటికి ఎటూ దారి లేక కిందికి, పై వాటా గది గోడలోకి వస్తోంది. గోడ దర్జులు ఎంత బాగా వేసినా ఈ నీటిని ఆపకపోతే ఆ ఖర్చంతా వృథా. అందుకని బిళ్లలు తీయించి, పిట్టగోడ పై వరసలను విప్పి మళ్లీ కట్టించి, బిళ్లల కింద గోడ మందమంతా కప్పేలా లోహపు రేకు వేయించి, రెండు అంచులా నీరు గోడకు తగలకుండా జారేలా దాన్ని వంచించాం. వెనక వాననీటి గొట్టం పగిలి గోడమీదికే కారుతుంటే దాన్నీ మార్పించాం. ఈ పనులకు ఎవరూ ఫోటోలు తీయరు, కాని గోడ బతికేది వీటివల్లే.

మాలు సంగతికి వస్తే, దర్జు లోతుల్లోంచి, వానకు తడవని భాగం నుంచి ఉలితో తీసిన కొన్ని ముక్కలను పరీక్షకు పంపాం. సున్నపు మాలును పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం పొంగుతూ కరిగిపోతుంది, ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లించి చూస్తే రేణువుల రంగూ పరిమాణమూ తెలుస్తాయి. ఇది ముఖ్యం, ఎందుకంటే గోడ మీద మనకు కనిపించే మాలు రంగు చాలావరకు ఇసుక రంగే. మా మాలులో సున్నమూ ఇసుకే ఉన్నాయనీ, సిమెంటు జాడ లేదనీ తేలింది. పై పిట్టగోడకూ కింది గోడకూ ఎదురయ్యే వాతావరణం ఒకటి కాదు గనుక మేస్త్రీ రెండు రకాల సహజ హైడ్రాలిక్ సున్నం ఎంచుకున్నారు: గోడకు 3.5 శ్రేణి, పిట్టగోడకు కొంచెం గట్టిదైన 5 శ్రేణి. మన ఇళ్లలో వెల్లవేసే సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మాత్రమే గట్టిపడుతుంది. మట్టి పాలు కలిసిన సున్నపురాయిని కాల్చి చేసే ఈ హైడ్రాలిక్ సున్నం మొదట కొంత నీటితోనే గట్టిపడి, మిగతాది గాలితో నెమ్మదిగా పూర్తిచేసుకుంటుంది. వేసవి తక్కువగా ఉండే ఊళ్లో, చలి రాకముందే కొంత బలం చేకూరాలి కాబట్టి ఈ గుణం పనికివస్తుంది. ఇది ఎక్కువగా యూరప్ నుంచి రావాలి, ధర కూడా ఎక్కువే. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు సున్నం, తొమ్మిది పాళ్లు ఇసుకతో ఓ రకం మాలు కలిపి ఇలాంటి ఇళ్లకు వాడే మేస్త్రీలూ ఉన్నారు. అది కూడా సమంజసమైన పద్ధతే. ఏది వాడినా, ఇటుక కంటే మాలు మెత్తగా ఉండాలన్నదే తప్పకూడని నియమం.

పని మొదలుకాక ముందు వెనకగోడలో ఒక మూల నమూనాగా కొన్ని దర్జులు వేయించుకొని, అవి పూర్తిగా ఆరేదాకా ఆగాం. తడి సున్నం రంగు వేరు, ఆరిన సున్నం రంగు వేరు. మొదటి నమూనా మరీ తెల్లగా తేలింది. ఇసుక మార్చి వేసిన రెండోది పాత గోడలో కలిసిపోయింది.

పాత సిమెంటును తీయడం ఈ పనిలో అన్నిటికంటే ఒడుపైన భాగం. ఇటుకలు పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే. అడ్డ దర్జుల్లో సన్నని బ్లేడుతో నడిమధ్య ఒక్క గీత మాత్రమే కోసి, అంచుల్లో మిగిలిన సిమెంటును ఉలితో లోపలికి రాల్చేవారు. నిలువు దర్జులు పొట్టివి. అక్కడ గ్రైండరు పెడితే పైనా కిందా ఉన్న ఇటుకలు కోసుకుపోతాయి. ఈ నగరంలో పాత గోడలను దగ్గరగా చూస్తే నిలువు దర్జుల కొసల్లో ఇటుకల మీద కత్తిగాట్లలాంటి కోతలు ఎన్నో కనిపిస్తాయి. మా మేస్త్రీ నిలువు దర్జులన్నీ సుత్తీ ఉలితోనే తీశారు. దర్జు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు తీయాలన్నది సాధారణ నియమం; మా దర్జులు అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంటే దాదాపు ఒక సెంటీమీటరు ఉన్నాయి గనుక ఇంచుమించు అంగుళం లోతు తీశారు. పైపైన కొంచెం గీకి పూసిన మాలు నాలుగు చలికాలాలు తిరక్కముందే పొరలా ఊడుతుంది. పనివారు వెళ్లిపోయేలోగా ఒక పుల్లను దర్జులో పెట్టి లోతు చూసుకోవడం ఇంటివారి హక్కు, ఆ మాట అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

కోసేటప్పుడు లేచే ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేస్తుంది. ధూళిని అక్కడికక్కడే పీల్చే గొట్టం అమర్చిన గ్రైండరునే వాడాలని ఒప్పందంలో రాయించాం. పొరుగింటివారికి ముందే చెప్పి, వాళ్ల కిటికీలకూ మా కిటికీలకూ ప్లాస్టిక్ పట్టాలు కట్టించాం.

ఊడిన ఇటుకలకు బదులు పెట్టడానికి షికాగో కామన్ ఇటుక ఇప్పుడు కొత్తగా తయారుకాదు. కూల్చిన పాత ఇళ్ల ఇటుకలే దిక్కు. వాటికీ గిరాకీ ఎక్కువ, దక్షిణాది రాష్ట్రాలకు లారీల్లో వెళ్లిపోతుంటాయి. అలా వచ్చిన ఇటుకలన్నీ బయటి గోడకు పనికిరావని మేస్త్రీ చూపించి చెప్పారు. ఆ రోజుల్లో బట్టీలో సరిగా కాలని లేతరంగు ఇటుకలను గోడ లోపలి పొరల్లో పెట్టేవారు, బాగా కాలినవాటిని బయట పెట్టేవారు. ఇల్లు కూల్చాక రెండూ ఒకే గుట్టలో కలుస్తాయి. ఆ లేత ఇటుకను తెచ్చి బయట పెడితే అది రెండు మూడేళ్లలో పొడైపోవడం ఖాయం. ఆయన ప్రతి ఇటుకనూ చేత్తో పట్టుకొని సుత్తితో తట్టారు. ఖంగున మోగినవి ఒక పక్క, మొద్దుగా పలికినవి మరో పక్క పెట్టారు. మన ఊళ్లలో మేస్త్రీలు ఇటుక లారీ దిగగానే చేసే పరీక్ష అదే కాబట్టి, నాకు ఆ మోతే ఎంతో ధైర్యాన్నిచ్చింది. గోడలోనే ఉన్న కొన్ని ఇటుకల ముందుముఖం పోయినా వెనకముఖం బాగుండడంతో, వాటిని జాగ్రత్తగా ఊడదీసి తిప్పి పెట్టారు. కొత్త ఇటుక కొనే ఖర్చు తగ్గడమే కాక, రంగు తేడా కూడా రాలేదు.

కూరేముందు దర్జుల్లోని ధూళిని కడిగి, గోడను ముందురోజు సాయంత్రమే తడిపేవారు. ఎండిన ఇటుక మాలులోని నీటిని లాగేసుకుంటుంది, అప్పుడు మాలు పట్టుకోదు; మరీ నీరు కారుతుంటే అసలే నిలవదు. ఇటుక లోపల తడిగా, పైన నీటి మెరుపు లేకుండా ఉన్నప్పుడే తాపీ పట్టారు. మాలు కూడా చాలా గట్టిగా, పిడికిట పట్టి ఒత్తితే ముద్దయ్యేంత తడితోనే కలిపారు. ఒకేసారి దర్జు నింపలేదు. పావు అంగుళం మందాన ఒక పొర కూరి, బొటనవేలితో నొక్కితే గుర్తు పడేంత గట్టిపడ్డాక రెండో పొర, దానిమీద మూడోది. పాత ఇటుకల అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి కాబట్టి మాలును ఇటుక ముఖంతో సమానంగా తీసుకురాకుండా కొంచెం లోపలే ఆపారు. సమానంగా తెస్తే అది ఇటుక మీదికి పలుచగా పాకి, దర్జు వెడల్పుగా కనబడుతుంది, ఆ పలుచని అంచు మొదటి చలికే విరుగుతుంది. చివరగా గట్టి కుంచె కొసతో మాలును తట్టి, పైన తేలిన నునుపును చెదరగొట్టారు. ఇలా చేస్తే చెమ్మకు దారి తెరుచుకుంటుంది, పాత గోడ గరుకుదనమూ వస్తుంది.

పూర్తయిన భాగాలమీద గోనెపట్టాలు వేలాడదీసి రోజూ నీళ్లు చిలకరించేవారు. సున్నం త్వరగా ఎండితే గట్టిపడదు, పొడిగా మారుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉంటే పని చేయకూడదు. రాత్రి గడ్డకట్టే చలి పడే అవకాశం ఉన్నా చేయకూడదు. అందుకే షికాగోలో సున్నపు పనికి మే నుంచి సెప్టెంబరు వరకే సరైన కాలమని మా మేస్త్రీ లెక్క. అక్టోబరులో ధర తగ్గించి చేస్తామని వచ్చేవారి మాట వినకపోవడం మేలు. మా పని ఆగస్టులో ముగిసింది, మొదటి మంచుకు ముందు గోడకు వెచ్చని వారాలు చాలా మిగిలాయి.

పై వాటా కిటికీ ఒకదాని మీద ఇనుప దూలం తుప్పుపట్టి ఉబ్బి, పైనున్న ఇటుకలను ఎత్తిపెట్టింది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ బలానికి గోడే పగులుతుంది. దాన్ని తీసి జింకు పూత ఉన్న దూలం వేయించి, దాని మీద రేకు, నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలు పెట్టించాం.

చివర్లో రెండు ఆకర్షణలను కాదనుకోవలసి వచ్చింది. ఒకటి, గోడమీద నీరు చొరని పూత. పొరలా పరుచుకునే పూత ఏదైనా లోపలి చెమ్మను బంధిస్తుంది. బయటి నీటిని ఎంత ఆపినా పిట్టగోడ నుంచి, లోపలి నుంచి వచ్చేదాన్ని ఆపలేదు. రెండోది, ఆ గదిలో గోడకు లోపలివైపు దట్టంగా ఇన్సులేషన్ పెట్టించడం. కరెంటు, గ్యాసు బిల్లులు చూస్తే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. ఇన్నేళ్లూ ఇంటి వెచ్చదనం గోడలోంచి బయటికి పోతూ ఆ ఇటుకను ఆరబెడుతూ వచ్చింది. లోపల అడ్డు పెడితే గోడ మరింత చల్లగా, మరింత తడిగా ఉంటుంది, గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కొన్ని ఇళ్లలో అది క్షేమంగా చేయవచ్చు, కాని ఇటుకనూ నీటి దారులనూ పరీక్షించాకే చేయాలి. మేము మిద్దె కప్పు కింద ఇన్సులేషన్ పెంచుకొని, కిటికీ సందులు మూయించుకున్నాం.

తరవాతి వసంతంలో గోడమీద తెల్లని ఉప్పు అక్కడక్కడ మళ్లీ పూసింది. ఇన్నాళ్లూ లోపల చిక్కుకున్న చెమ్మ బయటికి వస్తున్నప్పుడు అలా జరుగుతుందని మేస్త్రీ ముందే చెప్పారు. పొడి కుంచెతో రాల్చడం తప్ప ఏమీ చేయలేదు. ఆమ్లంతో కడగడం, ఇసుకను ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయడం రెండూ ఈ మెత్తని ఇటుకకు ప్రాణాంతకం. ఆ ఉప్పు కొత్త సున్నపు దర్జుల మీదే ఎక్కువగా పూసింది, ఇటుకల మీద తక్కువ. చెమ్మ మళ్లీ దర్జుల దారి పట్టిందనడానికి అంతకంటే గుర్తు నాకు అక్కర్లేదు. మార్చిలో సందులో చూస్తే నేలమీద ఎర్రపొడి దాదాపు లేదు. పై వాటా గది గోడను మాత్రం వెంటనే పూయించలేదు. ఇంకో వేసవి ఆరనిచ్చి, తరవాత దాన్ని కూడా సున్నపు పూతతోనే పూయించాం.

వీధివైపు గోడను అసలు ముట్టుకోలేదు. దాని సన్నని దర్జులు గట్టిగానే ఉన్నాయి. గోడ మొత్తం ఒకేలా కనబడాలని బాగున్న దర్జులు తవ్వించడం డబ్బు దండగే కాక, నష్టం కూడా. మిగిలింది పొగగొట్టం. నాలుగు వైపులా చలికి ఎదురు నిలిచేది అదే కనుక దాని దర్జులు గోడ కంటే ముందే వదులయ్యాయి. ఇంట్లో ఇల్లు వెచ్చబరిచే కొత్త ఫర్నేసు పెట్టాక పాత పొగగొట్టంలోకి ఇప్పుడు వాటర్ హీటరు పొగ ఒక్కటే వెళ్తోంది. ఆ కొద్దిపాటి వేడికి గొట్టం వెచ్చబడక, ఆవిరి లోపలే నీరై ఇటుకను తడుపుతోందని పరీక్షలో తెలిసింది. అందుచేత ముందు లోపల లోహపు గొట్టం దింపించి, వచ్చే మే నెలలో అదే మేస్త్రీతో, అదే 5 శ్రేణి సున్నంతో దర్జులు వేయించాలని నిర్ణయించుకున్నాం. జల్లించిన ఇసుక నమూనానూ పాళ్లు రాసిన కాగితాన్నీ ఆయనకు ఇచ్చి పంపాను.